కొండ మీద సాక్షి

గొడుగు!

ఆ నల్ల గొడుగే!

పత్తి బండ్ల నడుమ, జనం తలల మీదుగా ఎగురుకుంటూ పోతోంది...

సేతు పరిగెడుతున్నాడు. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. రెండోది తనే విసిరేశాడు.

"ఏయ్! గొడుగాయనా! ఆగప్పా!"

గొడుగు ఆగలేదు. ఇంకా జోరందుకుంది!

ఆదోని మార్కెట్టు వీధి. దీపాలు పెట్టిన వేళ. పత్తి సీజను. ఎద్దులు, బోరాలు, హమాలీల కేకలు. గాలి నిండా దూది. ముక్కులో దూది... నోట్లో దూది... ఊపిరాడడం లేదు!

ఎద్దు కొమ్ము విసిరింది.

సేతు పక్కకి దూకాడు. భుజం బండి చక్రానికి తగిలింది. ప్రాణం జివ్వుమంది.

"కండ్లు కనపల్లేదా?" బండాయన అరిచాడు. అరిచి, మొహం చూశాడు. గొంతు మారిపోయింది. "ఓరి... చైనా అయ్యవారు! ఈయప్పనే గదా పోలీసోళ్లు ఎతుకుతాండేది!"

నాలుగు తలలు తిరిగాయి.

పరుగు!

రెండేళ్లుగా ఆ గొడుగు సేతు వెనకాల తిరిగింది. టీ అంగడికి పోతే ఎదురుగా ఉంటుంది. రైల్వే స్టేషన్‌కి పోతే బెంచీ చివర ఉంటుంది. వాన లేకున్నా ఉంటుంది. ఎండ లేకున్నా ఉంటుంది. గొడుగు కింద మనిషి సీఐడీ అని ఊరంతా తెలుసు. ఆ మనిషికి మాత్రం తెలియదు, ఊరికి తెలుసని.

ఇవాళ తిరగబడింది.

ఇవాళ సేతు గొడుగు వెనకాల పడ్డాడు.

ఎందుకంటే... సేతు హంతకుడు కాదని చెప్పగలిగిన మనిషి భూమ్మీద ఒక్కడే ఉన్నాడు.

ఆ గొడుగు కింద!

*

హత్య జరిగింది ఎమ్మిగనూరులో.

చచ్చినవాడు వెంకోబారావు. అక్కడి ప్రైవేటు బడికి సెక్రెటరీ. బడి వదిలిన వేళ, ఆఫీసు గదిలో, కుర్చీలో కూర్చున్న మనిషిని వెనక నుంచి పొడిచారు.

ఆ పొద్దున్నే అదే బడి వాకిట్లో సేతుమాధవరావు ఇంగ్లీషు అయ్యవారి ఉద్యోగం ఊడింది.

"నువ్వు చైనా ఏజెంటువి!" వెంకోబారావు అందరి ముందరా వేలు చూపించాడు. "మన పోలీసుల్ని ఆడ లడాఖ్‌లో కాల్చి చంపినారు. నీతో మా పిల్లోళ్లకి ఇంగ్లీషు చెప్పించాల్నా? పో!"

ఐదేళ్ల కిందట సేతు పెకింగుకి బయల్దేరిన రోజున ఆదోని స్టేషన్లో మొదటి పూలమాల వేసింది ఆ వెంకోబారావే. హిందీ చీనీ భాయీ భాయీ అని గొంతు చించుకున్నదీ ఆయనే!

సేతుకి కడుపు మండింది. నోరు జారింది.

"నీ అంతు చూస్తా!"

బడి మొత్తం విన్నది.

అంతు చూసింది మాత్రం ఇంకెవరో!

చీకటి పడుతుండగా, హత్య కబురు వెనకాలే, సేతు ఇంటి ముందు జీపు ఆగింది. అమ్మ ఇందిరాబాయి వెనక వాకిలి తెరిచి వీపు మీద చెయ్యి వేసి తోసింది. "నువ్వు చంపినావా?" అని కూడా అడగలేదు.

"పో నాయనా! నిలబడద్దు, పో!"

ఆ హత్య జరిగినప్పుడు సేతు ఎక్కడున్నాడు?

ఆదోనిలో. కొండ మీద. పాడుబడిన కోట గోడ పక్కన.

ఎవరు చూశారు?

ఎవరూ లేరు. కొంచెం అవతల బండ చాటు నుంచి బీడీ వాసన మాత్రం వచ్చింది. దగ్గు వినిపించింది.

రోజూ వచ్చే దగ్గే.

*

బస్టాండు!

ఎమ్మిగనూరు బస్సు కదులుతోంది. గొడుగు చటుక్కున ముడుచుకుంది. మనిషి ఫుట్‌బోర్డు మీదికి ఎగిరాడు.

"ఆపండి! బస్సు ఆపండి!"

కండక్టరు ఉచ్చీరప్ప విజిల్ ఊదాడు. పొగ వదిలి బస్సు ముందుకు దూకింది.

సేతు చెయ్యి చాచాడు. అందలేదు... ఇంకో అడుగు... వెనక నిచ్చెన వేళ్లకి తగిలింది.

పట్టుకున్నాడు!

కాళ్లు రోడ్డు మీద ఈడ్చుకుపోయాయి. బొటనవేలి గోరు లేచిపోయింది. పళ్లు బిగించి ఒక మెట్టు... ఇంకో మెట్టు... టాపు మీదికి బోర్లా పడ్డాడు.

పైన నూలు మూటలు. ఎమ్మిగనూరు మగ్గాలకి పోతున్నాయి. మూటల సందున దూరాడు.

కింద ఉచ్చీరప్ప గొంతు గలగలా వినిపిస్తోంది.

"ఏం తిమ్మప్పా! ఇంత ఆయాసమేంది? అక్కోళ్ల ఇంటికా?"

తిమ్మప్ప.

రెండేళ్ల తరవాత పేరు తెలిసింది!

సేతుకి నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది.

చలిగాలి కోస్తోంది. ఇది చలా? కాదు. చలంటే పెకింగు చలి! మొదటి శీతాకాలం చెవులు ఊడిపోతాయనుకున్నాడు. హాస్టలు మెట్ల మీద క్యాబేజీ గడ్డలు ఎత్తుగా పేర్చేవాళ్లు. ఆర్నెల్లు అదే కూర. మాంసం ముట్టని సేతుకి అదీ, ఆవిరి మీద ఉడికిన తెల్ల రొట్టే గతి. అమ్మ మూట కట్టిచ్చిన కారం చల్లుకుని తినేవాడు. పక్క మంచం పోలెండు కుర్రాడు ఒకసారి చిటికెడు నాలిక మీద వేసుకుని, మంచు తినడానికి బయటికి పరిగెత్తాడు!

క్లాసులో సుంగ్ పంతులమ్మ నోటి ముందర కాగితం ముక్క పట్టుకునేది. 'ప' అంటే కాగితం కదలకూడదు. 'ఫ' అంటే ఎగరాలి. రష్యావాడికి ఎగరలేదు. అరబ్బువాడికి ఆగలేదు. సేతు కాగితం మాత్రం చెప్పినట్టు విన్నది. తెలుగువాడికి ఒత్తులు ఒకరు నేర్పాలా?

"నువ్వు దుబాసీవి అవుతావు," అంది పంతులమ్మ. "రెండు దేశాల మధ్య కూర్చుంటావు."

మూడేళ్లు చదివాడు. ఆ అక్షరాలన్నీ ఒక్కొక్కటే గీతగీతా మింగాడు. పట్టా తెచ్చుకున్నాడు.

కూర్చున్నాడు. రెండు దేశాల మధ్య కాదు... ఆదోని అరుగు మీద!

ఢిల్లీ ఉద్యోగానికి పోలీసు విచారణ పూర్తి కాలేదన్నారు. ఆగమన్నారు. మద్రాసులో ఉద్యోగం అడిగితే వాళ్లూ ఆగమన్నారు. సముద్రం దాటాడని బంధువులు పంచగవ్యం తాగించారు. అయినా పంక్తిలో కూర్చోనివ్వలేదు. ఆగమన్నారు.

చివరికి దొరికింది ఎమ్మిగనూరు బడిలో ఇంగ్లీషు అయ్యవారి పని. నోట్లో చైనా భాష తుప్పు పడుతోంది. మాట్లాడడానికి ఒక్క మనిషి లేడు.

అందుకే కొండ.

రోజూ సాయంత్రం కొండెక్కి గట్టిగా పాఠం చెప్పుకుంటాడు. తనే పంతులమ్మ, తనే పిల్లోడు. ప్రశ్న తనదే, జవాబు తనదే. గంటసేపు గాలికి చైనా భాష వినిపించి కిందికి దిగుతాడు.

అది ఉద్యోగం కాదు. దేనికీ పనికిరాదు. కానీ అది కూడా పోతే పెకింగు వట్టి కల అయిపోతుంది.

కీచ్...

బ్రేకు!

బస్సు ఆగింది. టార్చిలైట్లు... ఖాకీ నిక్కర్లు!

"అందరూ కూర్చోండి! చైనా అయ్యవారు ఎక్కినాడా ఈ బండి?"

సేతు మూటల మధ్య శవంలా బిగుసుకుపోయాడు.

టార్చి వెలుతురు కిటికీలన్నీ నాకింది. బూట్లు కదిలాయి. బస్సు వెనకవైపుకి వస్తున్నాయి. నిచ్చెన మీద చెయ్యి పడింది...

అయిపోయింది!

"పైన ఏం లేదు సార్."

దగ్గు కలిసిన గొంతు. తిమ్మప్ప గొంతు!

"నేను డిపార్టుమెంటు మనిషినే. ఆదోనిలో మూటలేసేటప్పుడు ఆడనే ఉంటి. నూలు తప్ప ఏం లేదు. పోనీండి."

నిచ్చెన మీద చెయ్యి దిగింది. విజిల్. బస్సు కదిలింది.

సేతుకి అర్థం కాలేదు.

తనని చూసి పారిపోయినవాడు... తనని ఎందుకు కాపాడాడు?

*

ఎమ్మిగనూరు.

బస్సు పూర్తిగా ఆగకముందే తిమ్మప్ప దూకాడు. టాపు మీద నుంచి సేతు దూకాడు.

మళ్లీ పరుగు!

సాలెవాళ్ల వీధి. రెండు పక్కలా ఇళ్లలో మగ్గాల చప్పుడు. టకటక... టకటక... సందులో ఆరేసిన రంగు నూలు సేతు మొహానికి చుట్టుకుంది. పీకి పారేశాడు. ముందు తిమ్మప్ప ఒక గడపలోకి మాయమయ్యాడు.

సేతు అదే గడపలోకి దూకాడు.

ధడేల్!

"అయ్యో నా మగ్గం!" ఆడమనిషి కేక.

లాంతరు వెలుగులో గుంట మగ్గం. నేత మనిషి కాళ్లు పెట్టుకునే గుంటలో తిమ్మప్ప తలకిందులుగా పడి ఉన్నాడు. గొడుగు ఊచలు విరిగి ఒక రెక్క వేలాడుతోంది.

"పోగులు తెగితే నీ తల పగలగొడతా తిమ్మా!" వాళ్లక్క మద్దమ్మ చీపురు ఎత్తింది. సేతుని చూసి ఆగింది. "ఈ సామి ఎవరురా?"

సేతు గుంటలోకి దిగి తిమ్మప్ప చొక్కా పట్టుకున్నాడు. దగ్గరగా ఆ మొహం చూడడం అదే మొదటిసారి. నెరిసిన మీసం. నిద్ర లేని కళ్లు. తన మొహం లాగే అలిసిపోయిన మొహం.

"ఈ సాయంత్రం నువ్వు యాడ ఉన్నావు? చెప్పు!"

"నీ ఎనకాలే ఉంటి సామీ."

"నేను యాడ ఉన్నాను?"

"కొండ మీద."

"ఆ ముక్క స్టేషన్లో చెప్పు! అంతే! ఇంకేమీ వద్దు!"

తిమ్మప్ప తల అడ్డంగా ఊపాడు.

"సెప్పను."

"ఎందుకు?"

"కర్నూలు నుంచి మా ఇన్‌స్పెక్టరు వచ్చినాడు. ఈడనే స్టేషన్లో కూర్సోని ఉన్నాడు. నాలుగింటి నుంచి నువ్వు నా కంటికి కనపల్లేదని సెప్పేదానికే పోతాండా."

"నన్ను ఉరి తీస్తార్రా!"

"తియ్యరు సామీ. ఒక్క పూట ఆగు. యాడన్నా దాక్కో. పొడిసినోడు దొరకకుండా యాడికి పోతాడు? పెద్ద సెక్రెటరీ గదా, ఊరికే ఇడిసిపెడతారా? కొండ మాట ఎత్తద్దు. నీ మంచికే సెప్తాండా."

"ఆగు..."

సేతు నోట్లోంచి మాట మెల్లగా వచ్చింది. తరవాత పగిలింది.

"ఆగు! ఆగు! ఆగు! ఢిల్లీవాడు ఆగమన్నాడు! పంక్తిలో కూర్చోనివ్వకుండా మా మేనమామ ఆగమన్నాడు! చదివిన చదువు కుళ్లిపోతాంది, ఆగమంటారు! నువ్వు రెండేండ్లు నా నీడ మీద నడిచినావు. నేను ఏం తప్పు చేసినాను? ఒక్కటి చెప్పు! ఒకే ఒక్కటి!"

"ఏం సెయ్యలేదు," తిమ్మప్ప కూడా అరిచాడు. "అదే నా కర్మ! రెండేండ్లు ఏం సెయ్యలేదని రాసి రాసి నా ప్రమోషను పాయె! నిన్ను తిడతాండానా?"

"మరి ఆ నిజం చెప్పడానికి ఏం రోగం?"

"కొండ మాట ఎత్తితే ఇంగొక మాట అడుగుతారు సామీ. దానికి నా కాడ జవాబు లేదు."

"ఉరి కన్నా పెద్ద మాటా అది?"

తిమ్మప్ప నోరు తెరిచాడు...

ఫట్!

రాయి! గడప మీద పడింది!

"చైనావోడు ఈడ దూరినాడు! నేను చూసినా!"

"బయటికి లాగండి!"

మద్దమ్మ తలుపు వేయబోయింది. ఇంకో రాయి తలుపు సందులోంచి వచ్చి సేతు కనుబొమ్మ చీల్చింది. కంట్లోకి వెచ్చగా నెత్తురు.

సేతు కళ్లు తుడుచుకోలేదు. తిమ్మప్పని చూశాడు. చొక్కా వదిలేశాడు.

"పో," అన్నాడు. "నువ్వు గూడ పోప్పా."

తిమ్మప్ప కదల్లేదు. బయట గుంపు పెరుగుతోంది. కర్రలు గోడలకి తగులుతున్నాయి.

గుంటలోంచి లేచాడు తిమ్మప్ప. విరిగిన గొడుగు విప్పాడు. సేతు తల మీద పట్టాడు.

"పద సామీ. సెప్తా."

మద్దమ్మ లాంతరు ఊది ఆర్పింది. చీకట్లో పెరటి గోడ దూకారు. మీద రాళ్లు... గొడుగు మీద టపటపా రాళ్లు... ఒకటి తిమ్మప్ప మోచేతికి తగిలింది. గొడుగు వంగింది. మళ్లీ లేచింది.

సందు... ఇంకో సందు... ఎర్ర లైటు!

పోలీస్ స్టేషన్!

*

ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడుతూ లోపలికి వచ్చారు.

ఎస్సై టీ తాగుతున్నాడు. మూలన కుర్చీలో సన్నటి మనిషి, మఫ్టీలో, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. కర్నూలు ఇన్‌స్పెక్టరు.

తిమ్మప్ప మడమలు తాటించి సెల్యూట్ కొట్టాడు. మోచేయి నుంచి నెత్తురు కారుతోంది. ఎవరూ అడగకముందే, ధైర్యం చల్లారకముందే, ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

"సార్! ఈ సామి ఎవర్నీ సంపలేదు సార్! బడి ఇడిసిన యాళకు ఆదోని కొండ మీద ఉన్నాడు. నేను ఆడనే ఉంటి. కంటితో చూసినా, సెవితో ఇన్నా. దినామూ పోతాడు సార్. గంటసేపు సైనా బాసలో మాట్లాడతాడు. ఈ పొద్దు గూడ మాట్లాడినాడు. నేను సాక్షి!"

ఎస్సై టీ గ్లాసు కింద పెట్టాడు.

నవ్వాడు!

"ఈయన చంపినాడని ఇప్పుడెవరన్నారప్పా?"

లాకప్పు వైపు చెయ్యి చూపించాడు.

ఊచల వెనక ఒక కుర్రాడు మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్నాడు. చొక్కా మీద ఎండిన నెత్తురు.

"వెంకోబారావు తమ్ముని కొడుకు. ఇంటి పంపకాల కాడ తగువంట. ఇప్పుడే, తనంత తానే వచ్చి కత్తి నా బల్ల మీద పెట్టినాడు. మా జీపును వెనక్కి పిలిచేదానికి మనిషిని పంపితిని. అంతకు ముందే మీరు వెనక వాకిట్లోంచి పరిగెత్తితే నేనేం చేద్దును అయ్యవారూ?"

సేతు బల్ల అంచు పట్టుకున్నాడు.

దొరికాడు!

హంతకుడు దొరికాడు!

సేతు తిమ్మప్ప వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. తిమ్మప్ప మొహంలో సంతోషం లేదు. తెల్లగా పాలిపోయి ఉంది. మూల కుర్చీ వైపు చూస్తున్నాడు.

"ఇంటికి పోండి అయ్యవారూ," ఎస్సై అన్నాడు. "ఆ నెత్తురు కడుక్కోండి. మీ అమ్మ ఎదురు చూస్తాంటాది."

సేతు గుమ్మం వైపు అడుగు వేశాడు.

"ఒక్క నిమిషం మాస్టారూ."

కోస్తా యాస. మెత్తటి గొంతు.

కర్నూలు ఇన్‌స్పెక్టరు లేచాడు. గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"కొండ మీద... చైనా భాషలో... ఎవరితో మాట్లాడతారు?"

"ఎవరితోనూ కాదు. నాతో నేనే. పాఠం వల్లె వేసుకుంటాను."

"గంటసేపు?"

"అవును."

"రోజూ?"

"మరిచిపోతానని భయం సార్."

ఇన్‌స్పెక్టరు తల ఊపాడు. చాలా మర్యాదగా ఊపాడు. "ఊళ్లో అన్నిటికన్నా ఎత్తయిన చోటు. ఎవరూ రాని చోటు. ఒక మనిషి రోజూ ఒకే వేళకి వెళ్లి శత్రువు భాషలో గంటసేపు మాట్లాడతాడు. ప్రశ్నలు కూడా వేస్తారా?"

"ప్రశ్న నేనే, జవాబూ నేనే సార్!"

"అలాగా. వైర్‌లెస్ సెట్టు ఎక్కడ దాచారు?"

సేతు గుమ్మం వదిలి వెనక్కి జరిగాడు.

"సెట్టా?" సేతు గొంతు కీచుమంది. "సెట్టు యాడుంది? బండలు తప్ప ఆడ ఏముంది? తిమ్మప్పా! చెప్పప్పా! చెప్పు!"

"లేదు సార్!" తిమ్మప్ప ముందుకొచ్చాడు. "సెట్టూ లేదు, గిట్టూ లేదు సార్! వట్టి పాఠం సార్!"

"తిమ్మప్పా." ఇన్‌స్పెక్టరు ఇంకా మెత్తబడ్డాడు. "రెండేళ్ల నీ రిపోర్టుల్లో సాయంత్రం షికారు అని ఉంది. చైనా భాష అన్న మాట నేను ఇవాళే వింటున్నాను. ఎందుకు రాయలేదు?"

తిమ్మప్ప మోచేతి నెత్తురు చొక్కాకి తుడుచుకున్నాడు.

ఆ ఇంకొక మాట ఇదేనని సేతుకి అప్పుడు తెలిసింది.

ఒక్క పూట ఆగమన్నాడు! ఒక్క పూట కూడా అక్కర్లేకపోయింది... ఆ గుంటలోనే కాసేపు నోరు మూసుకుని కూర్చుంటే...

"పాపమనిపించింది సార్," తిమ్మప్ప అన్నాడు. "రాస్తే ఆ ఒక్కటీ గూడ పోతాదని... రాయలేదు."

"వట్టి పాఠమని నీకెలా తెలుసు? నీకు చైనా భాష వచ్చా?"

"రాదు సార్."

"మరి అవతల వినేవాడు ఎవరూ లేరని ఎలా చెబుతావు?"

"లేరు సార్. నా ప్రమాణంగా లేరు." తిమ్మప్ప ఏదో ఒకటి చెప్పి తీరాలి. ఎట్లాగైనా ఈ సామిని బయట పడెయ్యాలి. "ఆడ ఇనేటోడు ఉంటే నేనొక్కణ్ణే సార్. దినామూ... నేనే ఇంటాంటి."

తిమ్మప్పా!

సేతు అరవబోయాడు. ఆలస్యమైపోయింది.

ఇన్‌స్పెక్టరు బల్ల చివర కాగితాలతో కూర్చున్న స్టేషన్ రైటరు వైపు తిరిగాడు.

"రాసుకో. చెప్పేవాడు ఒకడు. వినేవాడు ఒకడు."

ఎస్సై కుర్చీలోంచి సగం లేచాడు. "సార్... తిమ్మప్ప మన మనిషి..."

"ఇద్దర్నీ."

"సార్, ఈడ లాకప్పు ఒక్కటే ఉంది."

"చాలు."

తాళం తిరిగింది. ఇనప తలుపు కిర్రుమంది. విరిగిన గొడుగుని రైటరు తిమ్మప్ప చేతిలోంచి లాక్కుని బల్ల మీద పెట్టాడు.

లోపల, హంతకుడు తలెత్తి చూశాడు.

గోడ వైపు జరిగి, ఇద్దరికీ చోటిచ్చాడు.